వార్షిక నివేదిక: సంఘానికి తెలిసినది సంఘం వద్దనే ఉండాలి

గౌరవ సభ్యులందరికీ మన రైతుల నీటి సంఘం కార్యవర్గం తరఫున నమస్కారములు.

పూడికతీత, గుర్రపుడెక్క తొలగింపు, షట్టర్ల మరమ్మతు వంటి పనులు ఈ ఏడాది కూడా మామూలుగానే జరిగాయి. వాటి ఖర్చులు జమాఖర్చుల పట్టికలో ఉన్నందున ఇక్కడ మళ్లీ రాయడం లేదు. కార్యవర్గం అంతకన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టిన పని ఒకటుంది. కాలువను గురించి మనవారికి తెలిసిన సంగతులను కొందరి జ్ఞాపకానికే వదిలివేయకుండా సంఘం ఆస్తిగా నిలుపుకొనే ప్రయత్నమే అది.

1997 నాటి చట్టంతో రైతుల నీటి సంఘాలు ఏర్పడ్డాయి. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంతటా వాటికి మళ్లీ ఎన్నికలు జరిగాయి. కార్యవర్గం మారినప్పుడు కొత్తవారి చేతికి అందేవి తీర్మానాల పుస్తకం, రసీదులు, బ్యాంకు పాసుపుస్తకం మాత్రమే. ఏ తూము ఎంత ఎత్తితే చివరి భూములకు నీరు ఎక్కుతుందో, ఏ మలుపులో ఎండ్రకాయల బొరియల వల్ల కట్ట కారుతుందో, వంతుల విషయంలో ఎగువ, దిగువ రైతుల మధ్య ఏ మాట కుదిరిందో ఆ పుస్తకాల్లో కనిపించదు. అది కాలువ మీద నీటి పంపకం చూసే లస్కర్ల వద్ద, అనుభవమున్న రైతుల వద్ద ఉంది.

మనిషి చెప్పగలిగినదాని కన్నా అతనికి తెలిసినది ఎక్కువని తత్వవేత్త మైకేల్ పొలానీ 1966లోనే రాశారు. జపాన్ ఆచార్యుడు ఇకుజిరో నొనాకా ఈ విషయానికి చూపిన ఉదాహరణ మనకు బాగా పనికివచ్చింది. జపాన్‌లోని విద్యుత్ పరికరాల సంస్థ మత్సుషిటా, ఇంట్లో బ్రెడ్డు చేసుకొనే యంత్రాన్ని రూపొందిస్తున్నప్పుడు పిండి సరిగా కలవలేదు. అప్పుడు ఆ సంస్థ ఉద్యోగిని ఒకరు ఒసాకాలోని ఒక హోటలులో బ్రెడ్డు మాస్టరు దగ్గర పని నేర్చుకొని, ఆయన పిండిని సాగదీస్తూ మెలితిప్పే తీరును పట్టుకున్నారు. ఆ మాస్టరును ఎన్ని ప్రశ్నలు అడిగినా ఆ కిటుకు మాటల్లో దొరికేది కాదేమో.

అందువల్లనే ప్రశ్నల కాగితం ఇచ్చి రాయించుకొనే పద్ధతిని కాదని, అనుభవజ్ఞులైన లస్కర్ల వెంట యువ సభ్యులను కాలువ గట్టు మీద నడిపించాం. నీరు వదిలిన రోజుల్లో ఒకసారి, కాలువ ఎండిన తరువాత మరొకసారి నడవడం వల్ల, గట్టు పైనుంచి కనిపించని లోపాలు కూడా తెలిశాయి. విన్నది తూము వారీగా, తేదీతో, చెప్పినవారి పేరుతో ఒకే పుస్తకంలో రాశాం. ఇద్దరు రెండు విధాలుగా చెప్పినచోట రెండింటినీ ఉంచాం. ఎవరిది సరైనదో తేల్చవలసింది కాలువే గాని కార్యవర్గం కాదు.

తమకు తెలిసినది చెప్పేస్తే తమ అవసరం తీరిపోతుందన్న భయం కొందరిలో కనిపించింది. ఆ భయం న్యాయమైనదే. నేర్పినవారికి గౌరవ వేతనం ఇవ్వాలని, వారి సలహా లేకుండా నీటి వంతులు మార్చరాదని తీర్మానించాం.

పాత సంగతులన్నీ నేటికీ చెల్లుతాయని అనుకోవడానికి వీలులేదు. నెల్లూరు జిల్లాలో పెన్నా నదిపై సంగం వద్ద పాత ఆనకట్ట కాలంలో పెద్దలు కట్టిన అంచనాలు, 2022 సెప్టెంబరులో బ్యారేజీ ప్రారంభమైన తరువాత ఎంతవరకు నిలుస్తాయో చూసుకోవాలి. కనుక బ్యారేజీకి ముందువి, తరువాతివి విడివిడిగా నమోదు చేశాం. 2021 నవంబరు పెన్నా వరదలో గట్టు ఎక్కడ బలహీనపడిందో, ఇసుక బస్తాలు ఎటునుంచి చేర్చారో కూడా, చూసినవారు మన మధ్య ఉండగానే, వివరంగా రాయించాం.

పుస్తకం ఒక ప్రతి సంఘం కార్యాలయంలోను, మరొకటి కార్యదర్శి వద్దను ఉంటాయి. సభ్యులు ఎవరైనా చూడవచ్చు, తప్పులుంటే దిద్దించవచ్చు. రబీ కోతలు ముగిశాక, ఎడగారుకు, అంటే రబీ తరువాతి పంటకు, నీరు వదలకముందే సమీక్షా సమావేశం జరుగుతుంది. చివరి భూముల రైతులు చెప్పినది పుస్తకంలో ఇంకా తక్కువగానే ఉంది గనుక, వారు తప్పక హాజరై తమ పిల్లకాలువల వివరాలు నమోదు చేయించవలసిందిగా కోరుతున్నాం.