పాత కార్ల సంఘం వార్షిక నివేదిక 2024–25: హెరాల్డ్‌కు కొత్త టాప్ వేసిన సంవత్సరం

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, కుటుంబాలతో విచ్చేసిన సభ్య మిత్రులందరికీ నమస్కారాలు.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన నిబంధనల్లో ఉంది కాబట్టి చదువుతున్నాను. నిబంధన లేకపోయినా ఈసారి చదివేవాణ్ణే. ఈ ఏడాది మనం హెరాల్డ్ అనే పాత కారుకు కొత్త టాప్ కుట్టే పెద్ద పని పెట్టుకుని, ఈ ఊళ్ళోనే, ఈ ఊరి మనుషులతోనే పూర్తి చేశాం. అందులో ఎవరి చెయ్యి ఎంత ఉందో కాగితం మీద ఉండాలి.

ముందు మామూలు కార్యక్రమాలు. ప్రతి నెలా రెండో ఆదివారం పొద్దున్నే నెక్లెస్ రోడ్డులో కలిశాం. మే నెలలో ఎండలకు భయపడి మానేశాం. నవంబరులో పిల్లల్ని చౌమహల్లా ప్యాలెస్‌కు తీసుకెళ్ళి, అక్కడున్న 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ చూపించాం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ముచ్చటపడి ఆర్డరిచ్చిన బండి అది. చేతికి రాకముందే 1911లో ఆయన కన్నుమూశారు. ఆ సంగతి చెప్పగానే ఒక పాప "మరి ఆయన అందులో ఒక్కసారి కూడా కూర్చోలేదా?" అని అడిగింది. తిరిగి వచ్చే దారంతా పిల్లలు అదే మాట్లాడుకున్నారు. ఆ రోజు టిఫిన్లు ఏర్పాటు చేసిన మహిళా సభ్యులకు, బస్సు ఇచ్చిన మిత్రుడికి కృతజ్ఞతలు.

ఇక హెరాల్డ్ విషయం.

మారేడ్‌పల్లిలో ఉండే మన పెద్దాయన దగ్గర 1964 నాటి ట్రయంఫ్ హెరాల్డ్ 1200 కన్వర్టిబుల్ (గుడ్డ టాప్‌ను వెనక్కి మడిచేసుకునే కారు) ఉందని మీకందరికీ తెలుసు. మద్రాసులో 1961 నుంచి తయారైన మన స్టాండర్డ్ హెరాల్డ్‌కు అది అక్క లాంటిది. ఇటలీ డిజైనర్ జొవానీ మికెలోట్టి గీసిన రూపం, 1147 సీసీ ఇంజను. ఇంజను ఇప్పటికీ ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. పాడైపోయింది టాపూ, వెనక అద్దమూ. నాలుగేళ్ళుగా ఆ కారు షెడ్డు దాటి రాలేదు.

అద్దం అంటున్నాం గానీ అది గాజు కాదు, టాప్‌లోకి కుట్టేసిన పారదర్శక ప్లాస్టిక్ షీటు. మేం చూసేసరికి పాత ఎక్స్‌రే ఫిల్ములా పసుపు తిరిగి ఉంది. టాప్ మడిచినప్పుడు మడత పడేచోట అడ్డంగా పగిలింది. వేలితో నొక్కితే పటుక్కున విరిగింది. ఈ షీటు పీవీసీ. దాన్ని మెత్తగా ఉంచేందుకు అందులో ఒక నూనె లాంటి పదార్థం కలుపుతారు. మన ఎండలకు ఏళ్ళ తరబడి అది కాస్తా బయటికి పోతుంది. షీటు బిగుసుకుని కురచవుతుంది, ఆ తర్వాత మడిస్తే పగలకుండా ఉండదు. డ్రైవరు వైపు నెత్తి మీద కుట్టు కూడా తెగి ఉంది. గుడ్డ గట్టిగానే ఉంది, కాటన్ దారం కుళ్ళిపోయింది. అంతకుముందు ఎవరో తడి టాప్‌ను అలాగే మడిచి నెలల తరబడి వదిలేశారు. లోపల నల్లటి బూజు మచ్చలు, తెరవగానే ముక్కుకు కొట్టే వాసన.

ఇంగ్లండు నుంచి రెడీమేడ్ టాప్ తెప్పిద్దామని కొందరు అన్నారు. తెప్పించుకోవచ్చు, దొరుకుతుంది. కానీ పార్సిలు ఖర్చు, కస్టమ్స్ కట్టాక కూడా దాన్ని కారు మీద బిగించే మనిషి కావాలి గదా. ఆ పని మనమే నేర్చుకుందామని కార్యవర్గం నిర్ణయించింది.

మొదటి మూడు ఆదివారాలు కొత్త గుడ్డ జోలికే పోలేదు. ఫ్రేమ్ విప్పి, తుప్పు గీకి, అరిగిపోయిన రివిట్లు మార్చాం. టాప్ గుడ్డను మోసే అడ్డ కమ్మీల మధ్య దూరాన్ని పట్టి ఉంచేవి నవారు పట్టీలు. అవి సాగిపోతే కమ్మీలు ఒరుగుతాయి, అప్పుడు పైన ఎంత ఖరీదైన గుడ్డ వేసినా ముడతలే. వాన నీళ్ళు నిలిచేదీ అక్కడే. పాత పట్టీల కొలత నమ్మలేం కాబట్టి కిటికీ అద్దాలు పైకెత్తి, వాటి అంచుకు కమ్మీ ఎక్కడ నిలవాలో చూసుకుని కొత్త నవారు కట్టాం. ఈ ఓపికంతా మన ఉపాధ్యక్షులది. మూడు వారాలు మోకాళ్ళ మీద కూర్చుని చేశారు.

పాత టాప్‌ను విప్పేముందే కారు మీద ఉండగా సుద్దతో మధ్య గీత, కమ్మీల గీతలు పెట్టుకున్నాం. తర్వాత కుట్లు విప్పి ముక్కముక్కకీ ఖాకీ కాగితం మీద నమూనా తీశాం. పుత్లీబౌలి, రాణిగంజ్ తిరిగి, వెనక గుడ్డ ఉన్న మందపాటి నల్ల రెక్సిన్, ముప్పావు మిల్లీమీటరు మందం పారదర్శక షీటు తెచ్చాం. ఎండకు తట్టుకుంటుందని పాలియెస్టర్ దారం తీసుకున్నాం.

మొదటి ప్రయత్నం చెడిపోయింది. దాచుకోవాల్సింది ఏమీ లేదు. కారు సీట్లు కుట్టే ఒక దుకాణంలో ఇచ్చాం. వాళ్ళు ముందు రెక్సిన్‌లో కిటికీ కోసి, తర్వాత షీటు పెట్టి, సీటు కవరుకు వేసినట్టు దగ్గర దగ్గరగా సన్న కుట్టు వేశారు. కోసిన కంత సాగింది, షీటు అలలు అలలుగా వచ్చింది. బిగించి లాగగానే కుట్టు వెంబడి పోస్టల్ స్టాంపు చిరిగినట్టు చిరిగింది. ఒక షీటు, వెనక భాగం రెక్సిన్ మొత్తం పోయాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, పెద్దాయనకు ఏం చెప్పాలా అని ఒకటే టెన్షన్. ఆయన మాత్రం "గుడ్డే గదయ్యా పోయింది, ఇంకోటి తెండి" అన్నారు.

అప్పుడు మన సంయుక్త కార్యదర్శి పాతబస్తీలో ఆటోలకు టాప్‌లు కుట్టే ఒక ఉస్తాద్‌ను వెతికి పట్టుకొచ్చారు. ఆలోచిస్తే మన ఊళ్ళో ఈ పని రోజూ చేసేది వాళ్ళే. ఆటో వెనక కూడా రెక్సిన్‌లో కుట్టిన ప్లాస్టిక్ కిటికీయే గదా. ఆయన మా చిరిగిన ముక్కను వెలుగుకు పట్టి చూసి, ఒకటే మాట అన్నారు: "పహ్లే సీనా, బాద్ మే కాట్‌నా సాబ్."

ముందు కుట్టాలి, తర్వాత కోయాలి. రెక్సిన్‌ను కోయకుండా పూర్తి ముక్కగానే ఉంచి, కిటికీ రావాల్సిన చోట షీటును పైన పరిచారు. గుండుసూది గుచ్చితే ఆ రంధ్రం శాశ్వతంగా ఉండిపోతుందని, రెండు వైపులా అంటుకునే టేపుతో అంచులు పట్టించారు. మిషన్ కుట్టును నాలుగు మిల్లీమీటర్లకు పెంచుకుని చుట్టూ రెండు వరసలు వేశారు. పాదం షీటుకు అతుక్కోకుండా కింద సన్న కాగితం పట్టీ పెట్టి కుట్టారు, తర్వాత దాన్ని చింపేశారు. ఆఖరున తిరగేసి, లోపలి వైపు నుంచి చిన్న కత్తెరతో కిటికీలోని రెక్సిన్‌ను కత్తిరించి తీశారు. కింద ఉన్న షీటుకు గీత కూడా పడలేదు. బల్ల మీద అది అద్దంలా చదునుగా నిలబడింది. మేం ఐదుగురం కాసేపు మాట్లాడలేదు.

బిగింపు ఏప్రిల్‌లో చేశాం. రెక్సిన్ చల్లగా ఉంటే సాగదు కాబట్టి డాబా మీద గంటసేపు ఎండలో పరిచి మెత్తబడ్డాక తెచ్చాం. మొదట వెనక వైపు అంచు బిగించి, మధ్య గీతలు కలుపుకుంటూ ముందుకు లాగి, బట్టల క్లిప్పులతో పట్టి ఉంచి, సరిచూసుకున్నాకే అంటించాం. తర్వాత పది రోజులు తెరవకూడదని ఉస్తాద్ గట్టిగా చెప్పారు, తెరవలేదు. బకెట్లతో నీళ్ళు పోస్తే ముందు అద్దం మూలలో ఒక్కచోట కారింది. రబ్బరు మార్చాం, ఆగింది.

జూలైలో మంచి వాన పడుతున్న సాయంత్రం పెద్దాయన, అమ్మగారు, నేను ఆ కారులో ట్యాంక్‌బండ్ మీదుగా వెళ్ళి వచ్చాం. అమ్మగారు వెనక సీట్లో కూర్చున్నారు. కాసేపటికి వెనక్కి తిరిగి ఆ కిటికీలోంచి చూస్తూ "లైట్లన్నీ స్పష్టంగా కనబడుతున్నాయండీ" అన్నారు. లోపల ఒక్క చుక్క పడలేదు.

ఇప్పుడు చెప్పక తప్పని మాట. ఈ పనికి వస్తామని గ్రూపులో 22 మంది పేర్లిచ్చారు. పదకొండు ఆదివారాల్లో క్రమం తప్పకుండా వచ్చింది ఐదుగురు. కొందరు ఫొటోల రోజు మాత్రమే కనిపించారు. నాకు బాధ కలిగింది, అది సభ ముందు పెట్టకుండా ఉండలేను. ఎవరికైనా పనులుంటాయి, రాలేకపోతే ముందు రోజు ఒక ఫోన్ చెయ్యండి. ఇద్దరు పట్టుకోవాల్సిన టాప్‌ను అరవై ఎనిమిదేళ్ళ ఉపాధ్యక్షులు ఒక్కరే ఎత్తిన రోజు ఉంది.

వింటేజ్ రిజిస్ట్రేషన్ల సంగతి ఇంకా బాధాకరం. యాభై ఏళ్ళు దాటిన, అసలు రూపం చెడని సొంత బండ్లకు 'వీఏ' అక్షరాలతో నంబరు ఇవ్వాలని కేంద్రం 2021 జూలైలోనే నిబంధనలు తెచ్చింది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు ఫీజు, పదేళ్ళ గడువు. ముగ్గురు సభ్యుల ఫైళ్ళు పట్టుకుని ఒక కార్యాలయానికి ఆరుసార్లు తిరిగాను. ఒకసారి సిస్టమ్‌లో ఆ ఆప్షన్ లేదన్నారు, ఇంకోసారి సార్ మీటింగులో ఉన్నారన్నారు. ఫైళ్ళు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. వదిలిపెట్టను.

లెక్కలు కోశాధికారి గారి పత్రంలో ఉన్నాయి, ఆడిటర్ గారు సంతకం చేశారు. టాప్ సామాను ఖర్చు పెద్దాయన భరించారు, చెడిపోయిన మొదటి షీటు, ఉస్తాద్ కూలీ సంఘం భరించింది. 17 మంది చందా బాకీ ఉన్నారు, ఈ రోజే కట్టేస్తే కోశాధికారి గారికి తిరుగుడు తప్పుతుంది.

షెడ్డు, కరెంటు ఇచ్చిన అధ్యక్షుల వారికి, ప్రతి ఆదివారం టీ, ఉప్మా పంపిన వారి ఇంటి వారికి, మిషన్ మోసుకొచ్చిన ఇద్దరు కుర్రవాళ్ళకు, అన్నిటికన్నా ముందు ఉస్తాద్ గారికి సంఘం తరఫున ధన్యవాదాలు. ఆయన్ని ఈ సమావేశానికి పిలిచాం, వచ్చారు, మూడో వరసలో ఉన్నారు. దయచేసి వేదిక మీదికి రావాలి.

కన్వర్టిబుల్ ఉన్న సభ్యులకు ఆయన చెప్పమన్న జాగ్రత్తలు: తడి టాప్ మడవకండి. మడిచేటప్పుడు కిటికీ మడతలో మెత్తని తువ్వాలు పెట్టండి. దుమ్మును పొడి గుడ్డతో రుద్దకండి, నీళ్ళు పోసి కడిగాకే తుడవండి. గాజు తుడిచే మందులు, పెట్రోలు, థిన్నర్ ఆ షీటుకు తగలనివ్వకండి.

వచ్చే నెల మొదటి ఆదివారం నుంచి ఒక సభ్యుడి మోరిస్ మైనర్ టాప్ పని మొదలవుతుంది. ఉదయం ఏడున్నరకు అదే షెడ్డు. పేర్లు ఈ రోజు బయట బల్ల దగ్గర పుస్తకంలో రాయండి, ఫోన్ నంబరుతో సహా.

ఇట్లు,
కార్యదర్శి