దుబాయ్‌లో నన్ను గట్టెక్కించినవాళ్ళకు

అందరికీ నమస్కారం. ఈ పోస్టు ఎప్పుడో రాయాల్సింది. కానీ మళ్ళీ వీసా పడి, ఎమిరేట్స్ ఐడీ (ఇక్కడ ఉండేవాళ్ళ గుర్తింపు కార్డు) చేతికొచ్చేదాకా ఎక్కడా ఏమీ రాయొద్దని మా ఆవిడ గట్టిగా చెప్పింది. మొన్న కార్డు వచ్చేసింది, కాబట్టి రాస్తున్నా.

ముందుగా మా పీఆర్వో అన్నకు. పేరు రాస్తే మళ్ళీ నాతో మాట్లాడనన్నాడు, అందుకే రాయట్లేదు, తెలిసినవాళ్ళకు ఎలాగూ తెలుసు. మా నిజామాబాద్ వైపు మనిషే. పొద్దున్నే లేచి కంపెనీవాళ్ళ వీసా కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగడమే ఆయన ఉద్యోగం. సెలవు రోజున మళ్ళీ అదే పని మాలాంటివాళ్ళ కోసం చేస్తాడు, పైసా తీసుకోడు.

నా సంగతి క్లుప్తంగా చెప్తా. ఏజెంటు నన్ను విజిట్ వీసా మీద ఎక్కించాడు, దిగాక కంపెనీ వీసాకు మార్పిస్తానన్నాడు. దిగాక వాడి మనిషి వచ్చి స్టాంపింగ్‌కని పాస్‌పోర్టు తీసుకుపోయాడు, అంతే, ఫోన్ స్విచాఫ్. అసలు విజిట్ మీదే ఎందుకు పంపుతారో నాకు చాలా రోజులు అర్థం కాలేదు, అన్న చెప్పాకే తెలిసింది. పదో తరగతి పాస్ కాని మాలాంటివాళ్ళ పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) కిందికి వస్తుంది, దాంతో పని వీసా మీద గల్ఫ్‌కు పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే మన ప్రభుత్వ అధికారి క్లియరెన్స్ ఉండాలి, అక్కడ కంపెనీ ఎవరు, జీతం ఎంత, ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉందా లేదా అన్నీ బయటపడతాయి. విజిట్ వీసాకు ఆ బాధ లేదు. అందుకే వాడికి అదే ముద్దు.

వీసా గడువు దాటితే రోజుకు 50 దిర్హాములు ఫైన్. ఏడాదికి 18,250. అప్పటి రేటు ప్రకారం నాలుగు లక్షల రూపాయల పైమాటే. ఖల్లివెల్లిగా, అంటే వీసా లేకుండా దొంగచాటుగా ఉంటూ చేసే పనికి వచ్చే కూలీతో అది కట్టేదెప్పుడు, ఇంటికి పోయేదెప్పుడు? జ్వరం వచ్చినా రూమ్‌లోనే మాత్ర వేసుకుని పడుకోవడం, దూరంగా పోలీసు బండి కనబడితే సందు మారడం. దాని గురించి ఇంతకంటే రాయను, ఊళ్ళో అమ్మ కూడా ఇది చదివించుకుంటుంది.

2024 సెప్టెంబర్ 1 నుంచి ఆమ్నెస్టీ, అంటే వీసా గడువు దాటినవాళ్ళకు ప్రభుత్వ క్షమాభిక్ష, అన్నప్పుడు రూమ్‌లో సంబరం కంటే టెన్షనే ఎక్కువైంది. ఒకడేమో పిలిచి బస్సెక్కించి జైల్లో వేస్తారన్నాడు. ఇంకొకడు ఒక్కసారి వేలిముద్ర పడిందంటే జన్మలో ఈ దేశంలో అడుగు పెట్టనివ్వరన్నాడు. వీళ్ళకు తోడు ఇంకో మహానుభావుడు దిగాడు, లోపల మనిషి ఉన్నాడు, డబ్బులిస్తే లైన్‌లో నిలబడకుండానే పని అయిపోతుందని. వారం రోజులు ఇదే గొడవ, ఎవరూ కదల్లేదు.

అన్న వచ్చి కింది బెడ్ మీద కూర్చుని, ఫోన్‌లో ప్రభుత్వం పెట్టిన ప్రకటన తెరిచి, ఒక్కో లైను ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పాడు. 'నా మాట నమ్మొద్దు, ఇందులో ఏముందో అది విను' అన్నాడు. సెప్టెంబర్ 1కి ముందే గడువు దాటినవాళ్ళకు వర్తిస్తుంది, ఫైన్లు మాఫీ, వెళ్ళిపోయినవాళ్ళ మీద బ్యాన్ పడదు, కావాలంటే ఇక్కడే పని చూసుకుని వీసా సరిచేసుకోవచ్చు. డిపోర్టేషన్ ఆర్డర్ ఉన్నవాళ్ళకు మాత్రం కుదరదు. మా రూమ్‌లో ఒక తమ్ముడికి సెప్టెంబర్ మధ్యలో వీసా అయిపోతుంది, వాడు ఊరికే ఆగుదాం, ఎలాగూ మాఫీయే కదా అనుకుంటున్నాడు. అన్న మొహం మీదే చెప్పేశాడు, నీకిది వర్తించదు, గడువు దాటకముందే ఏదో ఒకటి చేసుకో అని. వాడికి అప్పుడు కోపం వచ్చింది, ఇప్పుడు ఈ పోస్టులో నా తరఫున కూడా థ్యాంక్స్ రాయమని ఫోన్ చేశాడు.

ఆ తర్వాత పనుల వరుస చెప్పాడు. ముందు మన కాన్సులేట్‌లో ఔట్‌పాస్ (పాస్‌పోర్టు లేనివాళ్ళు ఇంటికి పోవడానికిచ్చే కాగితం), తర్వాత దుబాయ్ ఇమిగ్రేషన్‌వాళ్ళ అవీర్ సెంటర్‌లో వేలిముద్రలు, ఎగ్జిట్ పర్మిట్, టికెట్ అన్నింటికన్నా చివర. అప్పట్లో పర్మిట్ వచ్చాక 14 రోజుల్లో దేశం దాటాలి (తర్వాత ఆ గడువు సడలించారు, ఆమ్నెస్టీని కూడా డిసెంబర్ 31 దాకా పొడిగించారు). ఈ వరుస తెలియక చవగ్గా దొరికిందని ముందే టికెట్ కొనేసి, కాగితం చేతికి రాక ఆ డబ్బు పోగొట్టుకున్నవాళ్ళను నేనే చూశాను.

ఔట్‌పాస్‌కు పాత పాస్‌పోర్టు జిరాక్స్ ఉంటే పని తేలికన్నారు. నా దగ్గర నంబరు కూడా లేదు. మా ఆవిడ ఇల్లంతా వెతికింది, బీరువా, ట్రంకుపెట్టె, చివరికి గ్యాస్ పుస్తకం కవర్‌లో నాలుగు మడతలు పెట్టి ఉన్న జిరాక్స్ దొరికింది. మడత సరిగ్గా పాస్‌పోర్టు నంబరు మీదే పడి ఒక అంకె చెరిగిపోయింది, అది మూడో ఎనిమిదో తెలియదు. కాన్సులేట్ కౌంటర్‌లో ఉన్న మేడం విసుక్కోకుండా రెండు రకాలుగానూ కొట్టి చూసి నా రికార్డు పట్టుకుంది. వెనక అంత పెద్ద లైన్ ఉంది, రేపు రా అని పంపేసినా ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. మేడం, మీ పేరు తెలియదు, మీకు నా నమస్కారాలు. ఫారం నింపి, టీ కూడా తాగించిన టైపింగ్ సెంటర్ మలయాళీ భాయ్‌కి కూడా.

అవీర్‌లో పెద్ద టెంట్లు వేశారు, లోపల ఏసీ, కుర్చీలు. జైలు లేదు, ఏమీ లేదు. మనుషులు కావాలని కంపెనీలవాళ్ళు కూడా అక్కడే కూర్చున్నారు. ఉండిపోవాలనుకుంటే కాన్సులేట్ తక్కువ గడువు పాస్‌పోర్టు ఇస్తుంది, పోవాలనుకుంటే పో, నీ ఇష్టం అన్నాడు అన్న. అమ్మకు ఒంట్లో బాగాలేదు, నేను పోతానన్నాను. ఎందుకని ఒక్క మాట అడగలేదు. ఎయిర్‌పోర్టులో ఆఫీసర్ కాగితం చూశాడు, వేలు పెట్టమన్నాడు, పొమ్మన్నాడు. అంతసేపూ నా కాళ్ళలో వణుకు ఆగలేదు, ఆయన మాత్రం తలెత్తి చూడనైనా లేదు.

ఊరికొచ్చాక కూడా అన్న వదల్లేదు. పాస్‌పోర్టు పోయిందని పోలీస్ స్టేషన్‌లో కంప్లయింట్ ఇచ్చి, నిజామాబాద్ పాస్‌పోర్టు సేవా కేంద్రంలో 3,000 ఫీజు కట్టి కొత్తది తీసుకున్నా. ఈసారి ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ (మన ప్రభుత్వ వెబ్‌సైట్) జాబితాలో ఉందో లేదో చూశాకే మాట్లాడనిచ్చాడు. రిజిస్టర్డ్ ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. ఈ ముక్క మా ఊళ్ళో ఎవరికీ తెలియదు, లక్షకు తగ్గకుండా ఇస్తూనే ఉన్నారు. ప్రవాసీ బీమా కూడా చేయించాడు, రెండేళ్ళకు 275 రూపాయల ప్రీమియం, పది లక్షల కవర్. ఆఫర్ లెటర్ వీడియో కాల్‌లో హిందీలో చదివి వినిపించి, జీతం అంకె దగ్గర ఆగి రెండుసార్లు చెప్పించాడు నాతో.

మళ్ళీ దుబాయ్‌లో దిగినప్పుడు, నిజం చెప్పాలంటే, ఆ వేలిముద్ర మాట గుర్తొచ్చి నోరెండిపోయింది. కెమెరా వైపు చూడమన్నారు, స్టాంపు కొట్టారు, బయటికొచ్చేశా. బ్యాన్ లేదు, ఏమీ లేదు.

రూమ్‌లో ఉన్నన్నాళ్ళూ బెడ్ అద్దె అడగని, టికెట్‌కు డబ్బులు వేసుకున్న ముగ్గురికీ థ్యాంక్స్ అంటే చిన్న మాటే. ఈసారి జీతం రాగానే తిరిగి ఇవ్వబోతే ఇద్దరు తీసుకోలేదు. మూడోవాడి చెల్లెలి పెళ్ళి ఉంది, వాడు తీసుకున్నాడు, వాడలా తీసుకుంటేనే నాకు హాయిగా ఉంది.

అన్నా, ఇది చదివి తిడతావని తెలుసు. ఆదివారం రూమ్‌కి వస్తున్నా, మా కంపెనీలో ఇంకో తమ్ముడి కాగితాలు చూడాలి, వాడిని కూడా తీసుకొస్తా.