మందుల చీటీలో బరువు ఏది?

సంపాదకులకు నమస్కారం.

మా అన్నయ్యకు ఎనిమిది నెలలు గ్యాస్ మాత్రలతోనే గడిచిపోయాయి. భోజనం చేసిన కాసేపటికి పైకడుపులో నొప్పి, ఉబ్బరం, తేన్పులు. పరగడుపున మాత్ర వేసుకుంటే కొంత నయమనిపించేది, నాలుగు రోజులకు మళ్లీ మామూలే. ఎండోస్కోపీ చేసి, కొద్దిగా గ్యాస్ట్రైటిస్ (జీర్ణాశయం లోపలి పొర వాపు) తప్ప ఏమీ లేదన్నారు. మాత్ర మార్చారు. ఈలోగా అన్నయ్య బెల్టుకు మేకుతో రెండు కొత్త రంధ్రాలు పొడుచుకున్నాడు. 'తిండి తగ్గించాను కదా, మంచిదేగా' అనేవాడు. మేమూ సరేననుకున్నాం. రాత్రిళ్లు దిండు ఒళ్లో పెట్టుకుని ముందుకు వంగి కూర్చుంటేనే హాయిగా ఉంటోందన్నప్పుడు కూడా మాకు గ్యాస్ తప్ప ఇంకోటి తోచలేదు. చివరికి సీటీ స్కాన్‌లో తేలింది, దీర్ఘకాలిక పాంక్రియాటైటిస్, అంటే పాంక్రియాస్ (క్లోమగ్రంథి) వాపు అని.

డాక్టర్లను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. అజీర్తితో వెళ్లేవాళ్లలో చాలామందికి పెద్ద జబ్బేమీ ఉండదు. ప్రతి ఒక్కరికీ సీటీ తీయాలనడం కూడా తెలివైన పని కాదు. అసలు చిక్కు పాంక్రియాస్ ఉన్న చోటులోనే ఉంది. ఈ క్లోమగ్రంథి జీర్ణాశయం వెనకాల నక్కి ఉంటుంది. మామూలు ఎండోస్కోపీ జీర్ణాశయం లోపలి గోడను చూపిస్తుంది, గోడ అవతల సంగతి దానికి తెలియదు. అల్ట్రాసౌండ్ చేస్తే పేగుల్లో గాలి అడ్డొచ్చి గ్రంథి సరిగా కనపడకపోవచ్చు (గ్యాస్ అని వెళ్తే గ్యాసే అడ్డం!). దీర్ఘకాలిక వాపులో రక్తపరీక్షలో చూసే ఈ గ్రంథి ఎంజైములు ఎమైలేజ్, లైపేజ్ మామూలుగానే ఉండొచ్చు. కొవ్వు అరగక మలం జిడ్డుగా, నీళ్ల మీద తేలేలా రావడం ముఖ్యమైన గుర్తే గానీ, గ్రంథికి ఎంజైములు తయారుచేసే శక్తి దాదాపు 90 శాతం పోయాక గానీ అది బయటపడదు. దానికోసం కాచుక్కూర్చుంటే అప్పటికే ఆలస్యం.

పాంక్రియాస్ క్యాన్సర్ కూడా మొదట్లో ఇలాగే అజీర్తి వేషంలో రావచ్చు. మాత్రతో కాస్త తగ్గినంత మాత్రాన గ్యాసేనని తేల్చేసుకోకూడదు. నొప్పి వీపులోకి పాకడం, 50 దాటాక కొత్తగా షుగర్ రావడం, ఉన్న షుగర్ ఉన్నట్టుండి అదుపు తప్పడం, అన్నిటికీ మించి కారణం లేకుండా బరువు తగ్గడం గమనించాలి. కామెర్లు కనిపిస్తే ఇక ఆగే పనే లేదు. బ్రిటన్‌లో డాక్టర్లకు చికిత్సపై సూచనలిచ్చే నైస్ సంస్థ మార్గదర్శకాలు 60 ఏళ్లు, ఆపైబడ్డవారు బరువు తగ్గుతుంటే, దానికి తోడు కడుపునొప్పి, వెన్నునొప్పి, వికారం, విరేచనాలు, కొత్త షుగర్ లాంటివాటిలో ఒక్కటి ఉన్నా, రెండు వారాల్లో సీటీ స్కాన్ చేయించే విషయం ఆలోచించమంటాయి. అక్కడ లెక్కంతా మొదలయ్యేది బరువు నుంచే.

ఈమధ్య అన్నయ్య పాత చీటీలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఏడున్నాయి. ఏడింటిలోనూ బీపీ రాసి ఉంది. బరువు మాత్రం మొట్టమొదటి దానిలోనే ఉంది. మిగతా ఆరింటిలో ఆ గడి ఖాళీ. రెండో అంకె ఒక్కటి ఉన్నా ఎవరో ఒకరి కంట పడేది. రోజూ చూసుకునే మాకు తేడా తెలియలేదు, నెలకోసారి చూసేవాళ్లకు అంతకన్నా తెలియదు.

అందుకే ఆరోగ్యశాఖను అడిగేది ఒక్కటే. ఓపీ చీటీలో బీపీ రాసినట్టే ప్రతిసారీ బరువు రాయడం తప్పనిసరి చేయండి. దీనికి కొత్త యంత్రాలు అక్కర్లేదు, గది మూలన ఉన్నదాని మీద నిలబెడితే చాలు. నెలల తరబడి అదే గ్యాస్ మాత్ర కొంటున్నవాళ్లను 'డాక్టరుకు మళ్లీ చూపించుకున్నారా' అని మందుల షాపులవాళ్లు ఒక్క మాట అడిగినా మేలే.

అన్నయ్య ఇప్పుడు భోజనంతో పాటు ఎంజైమ్ క్యాప్సూల్స్ వేసుకుంటున్నాడు. మొన్న చెకప్‌కు వెళ్లినప్పుడు ఎవరూ పిలవకముందే చెప్పులు విడిచి బరువు యంత్రం ఎక్కాడు. అంకె చదివి, నర్సుతో 'ఇది కూడా రాయండమ్మా' అన్నాడు.

ఇట్లు,
ఒక పాఠకురాలు