ముర్రుపాలు పారబోస్తుంటే

సంపాదకులకు నమస్కారం.

మా బోరబండలో అపార్ట్‌మెంట్ కడుతున్న చోట, రేకుల గుడిసెలో ఓ బాలింతను చూడ్డానికి వెళ్లాను. కాన్పు ఆస్పత్రిలోనే అయింది, మూడో రోజు ఇంటికొచ్చింది. వాళ్లత్త పసుపుపచ్చని ముర్రుపాలను ‘చెడ్డపాలు’ అంటూ గిన్నెలోకి పిండించి, బిడ్డ నోట్లో చక్కెర నీళ్ల దూది పెడుతోంది. ఆ నీళ్లు మూతలేని డ్రమ్ములోవి. ఆవిడనేం అంటాం? ఆవిడకు వాళ్లత్త అదే నేర్పింది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే అవుతున్నాయి. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందేది మాత్రం 37 శాతం పిల్లలకే. సగానికి పైగా సిజేరియన్లేనాయె! వెయ్యి మందిలో 26 మంది ఏడాది నిండకుండానే పోతున్నారు, అందులో ఎక్కువమంది మొదటి నెలలోనే.

ఆస్పత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికి రావాలి. ఈ బాలింత దగ్గరికి ఎవరూ రాలేదు. పేరు పాలమూరులోని సొంతూరి రిజిస్టర్లో ఉందట! మనిషి రక్తం లేక పాలిపోయి ఉంది, పెద్దబిడ్డకింకా ఏడాదిన్నరే. వలస కూలీల పేర్లు వాళ్లు పనిచేసే బస్తీలోనే రాసుకునేలా అధికారులు చూడాలి. ఆధార్‌లో అడ్రస్ మారేదాకా పసిబిడ్డ ఆగదు కదా.

– ఓ రిటైర్డ్ టీచర్, బోరబండ, హైదరాబాద్