సంతలో కాటా పెట్టించండి: జిల్లా పశుసంవర్ధక శాఖాధికారికి బహిరంగ లేఖ

అయ్యా,

డెల్టాలో బీళ్లు తక్కువ. తడి చేలల్లోకి జీవాలను దింపితే నత్తల వల్ల కార్జపు జలగ (కాలేయంలో చేరే పురుగు) పడుతుంది. అందుకే పొట్టేలు పిల్లల్ని నేలకు ఎత్తుగా కట్టిన మంచె షెడ్లలో మేపుతున్నాం.

లెక్క చూడండి. 15 కిలోల పిల్ల రోజుకు 130 గ్రాముల చొప్పున 90 రోజుల్లో సుమారు 12 కిలోలు పెరుగుతుంది. కిలో పెరగడానికి 7 కిలోల మేత, కిలో 20 రూపాయలు వేసుకుంటే 1,680. కొన్నా అమ్మినా కిలో 400 అయితే, పెరిగిన 12 కిలోల మీద 3,120 మిగలాలి. మిగలదు. సంతలో కొనేది కంటి అంచనాతో. 13 కిలోలది 15 అనుకుంటే 800 అక్కడే పోయె. అమ్మేటప్పుడు దళారి ఇంకో 2 కిలోలు కోస్తాడు. ఇక ఒక పిల్ల చస్తే నాలుగింటి లాభం దానితోనే సరి.

చావులకి కారణం చాలాసార్లు దాణాయే. పిల్లకి రోజుకు 50 గ్రాములతో మొదలుపెట్టి రెండు వారాల్లో 300కి తేవాలి, తొందరపడితే చిటుక రోగం, అంటే పేగుల్లో విషం పుట్టి ఉన్నట్టుండి చావడం. తవుడు చవకని దట్టిస్తే భాస్వరం ఎక్కువై మూత్రంలో రాళ్లు. పొట్టేలు వెన్ను వంచి ముక్కుతుంది, చుక్కలుగా పోస్తుంది. క్వింటా దాణాకి 2 కిలోల సున్నపురాయి పొడి కలపాలని రైతులకు చెప్పించండి.

షెడ్డు ఏడాదికి మూడుసార్లు నిండుతుంది. చిటుక టీకా తొలకరికి ఒక్కసారే వస్తే చాలదు, ప్రతి దఫాకీ కావాలి. కాటా మాత్రం వచ్చే సంతకే పెట్టించండి.

— డెల్టా పొట్టేళ్ల పెంపకందారులు