కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: 2024-25

సభ్యులందరికీ నమస్కారం.

మన నివేదిక ఎప్పుడూ సైడు కాలువల పూడికతో మొదలై వినాయక చవితి జమాఖర్చులతో ముగుస్తుంది. ఈసారి అవి చివర్లో నాలుగు ముక్కల్లో వస్తాయి. ఏడాదంతా సంఘం తిరుగుడు, అర్జీలు, మీటింగులు దాదాపు అన్నీ గ్యాస్ గురించే. మన నెల్లూరు జిల్లాలో తోటపల్లిగూడూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల ప్లాంట్లు, ఐస్ ఫ్యాక్టరీలు ఉన్నంత కాలం, వాటిలో చల్లదనానికి వాడే అమ్మోనియా గ్యాస్ మన పొరుగునే ఉంటుంది. మనలో చాలా ఇళ్లకు జీతం వచ్చేదీ అక్కడి నుంచే. కాబట్టి వాటిని మూసేయమని సంఘం ఎక్కడా అడగలేదు, అడగదు కూడా. లోపల ఏముందో, అది బయటికొస్తే ఎటు పరిగెత్తాలో మనకు తెలియాలి. మేం అడిగింది అంతే.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఫార్మా కంపెనీలో సాల్వెంట్ లీకై పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. మధ్యాహ్నం భోజనాల వేళ కాబట్టి సరిపోయింది గానీ లేకపోతే ఇంకెందరో. ఆ వార్త చల్లారకముందే మన దగ్గర్లోని ఒక ఐస్ ఫ్యాక్టరీలో రాత్రిపూట కంప్రెసర్ (అమ్మోనియాను నొక్కి పైపుల్లోకి తోసే యంత్రం) గది పేలింది. పైకప్పు రేకులు ఎగిరి రోడ్డు మీద పడ్డాయి. మన కాలనీ కుర్రాడొకడికి చేతులు కాలాయి, కళ్లు దెబ్బతిన్నాయి. ఇప్పుడు చూపు బాగానే ఉంది, ఆటో నడుపుకుంటున్నాడు. ఫ్యాక్టరీ పనికి మాత్రం మళ్లీ పోనంటున్నాడు, వాళ్లమ్మ కూడా పోనివ్వనంటోంది.

ఆ రాత్రి మన జనం చేసింది చెప్పుకోవాలి. కొందరు ఏమైందో చూద్దామని సెల్‌ఫోన్లు పట్టుకుని ఫ్యాక్టరీ వైపే పరిగెత్తారు. కొందరు సిలిండర్ పేలిందన్నారు, కొందరు బాయిలర్ అన్నారు. ఐస్ ఫ్యాక్టరీకి బాయిలర్ ఎందుకుంటుందని అడిగినవాళ్లు లేరు. పడమటి గాలి తోలుతోంది కాబట్టి గ్యాస్ పొలాల మీదుగా సముద్రం వైపు పోయింది. ఇదే ప్రమాదం సాయంత్రంపూట, సముద్రపు గాలి తిరిగాక జరిగి ఉంటే నేరుగా మన లైన్ల మీదికే వచ్చేది.

తర్వాతి ఆదివారం కమ్యూనిటీ హాల్లో మీటింగు పెట్టాం. ముప్పై ఏళ్లకు పైగా కంప్రెసర్ గదుల్లో పనిచేసి రిటైరైన పెద్దమనిషి ఒకరు మన మూడో లైన్లోనే ఉన్నారు. అందరం బాబాయ్ అనే పిలుస్తాం. మైకు వద్దన్నారు, కుర్చీ మాత్రం మధ్యలో వేయించుకున్నారు. ఆయన చెప్పింది రాసి పెట్టుకున్నాం, ఎందుకంటే ఇంత విడమరిచి ఏ ప్లాంటువాళ్లూ మనకు చెప్పలేదు.

కంప్రెసర్‌లో పోసే ఆయిల్ కొంచెం కొంచెంగా అమ్మోనియాతో కలిసి పైపుల్లోకి పోతుంది. ద్రవ అమ్మోనియా కన్నా బరువు కాబట్టి ట్యాంకుల అడుగున చేరుతుంది. అప్పుడప్పుడు అడుగు వాల్వు తిప్పి దాన్ని తీయాలి. చల్లదనానికి ఆయిల్ చిక్కబడి ఒక పట్టాన రాదు. ఆపరేటర్ ఇంకాస్త తిప్పుతాడు, అయినా రాదు, విసుగొచ్చి టీకి పోతాడు. ఆయిల్ అయిపోయిన మరుక్షణం వెనకున్న అమ్మోనియా తన్నుకొస్తుంది. మైనస్ 33 డిగ్రీల దగ్గరే మరిగే సరుకు అది, బయటపడగానే ఆవిరై గదంతా కమ్మేస్తుంది. గాలిలో అమ్మోనియా 15 నుంచి 28 శాతం మధ్య ఉంటే నిప్పంటుకుంటుంది. ఆరుబయట అంత శాతానికి చేరడం అరుదు, కిటికీలు మూసిన గదిలో మాత్రం చేరుతుంది. అప్పుడు వాసన పోవాలని ఎవరో లోపలికెళ్లి ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్విచ్ నొక్కుతారు, ఆ నిప్పురవ్వకు గది పేలుతుంది. మన దగ్గర జరిగింది కూడా ఇలాగేనని అక్కడి పనివాళ్లు చెప్పారు.

ఇలా జరగకుండా కొనాల్సినవి రెండే. చెయ్యి తీస్తే దానంతటదే మూసుకుపోయే స్ప్రింగు వాల్వు ఒకటి, గది బయట గోడకు ఫ్యాన్ స్విచ్ ఒకటి. లారీ లోడు రొయ్యలకు పెట్టే ఖర్చులో ఇదెంతని బాబాయ్ అడిగితే హాల్లో ఉన్న ఇద్దరు సూపర్‌వైజర్లు తలలు దించుకున్నారు.

ఇంకా చాలా చెప్పారు. పాత ఆపరేటర్లు గంధకపు వత్తి వెలిగించి పైపు జాయింట్ల దగ్గర తిప్పేవారట, సన్న లీకున్నా తెల్లటి పొగ లేస్తుంది. అమ్మోనియా ఇత్తడిని, రాగిని తినేస్తుంది కాబట్టి ఆ లైన్లో ఇనుప వాల్వులే ఉండాలి. ఊళ్లో ప్లంబరును పిలిచి ఇత్తడి ట్యాపు బిగించిన ప్లాంటును ఆయన కళ్లారా చూశారు. పేరు చెప్పమంటే నవ్వి ఊరుకున్నారు.

కాలనీకి పనికొచ్చే మాటలు ఇవి. అమ్మోనియా గాలికన్నా తేలిక, కానీ లీకైన తొలి నిమిషాల్లో చలికి తెల్లటి మంచులా నేలబారుగా పాకుతుంది. ఆ తెల్లదనంలోకి పోకూడదు. గాలికి ఎదురుగానో, గాలితో పాటో పరిగెత్తకుండా అడ్డంగా పక్కకు తప్పుకోవాలి, అక్కడి నుంచి గాలి వచ్చే దిక్కుకు చేరుకోవాలి. నీళ్లు అమ్మోనియాను బాగా పీల్చుకుంటాయి కాబట్టి ముక్కుకు, నోటికి తడి తువ్వాలు చుట్టుకోవడం మంచిదే. అది బయటపడటానికి మాత్రమే, తడిగుడ్డ కట్టుకుని ఎవరినో కాపాడదామని లోపలికి పోతే ఇద్దరూ పడిపోతారు. కరోనా నాటి మాస్కులు దీనికి ఎందుకూ పనికిరావు. కళ్లల్లో పడితే నలపకుండా, రెప్పలు తెరిచి పట్టుకుని కనీసం పదిహేను నిమిషాలు మంచినీళ్లు ధారగా పోయాలి. ఆ రాత్రి మన కుర్రాడి కళ్లల్లో పాలు పోయమని, నిమ్మరసం పిండమని సలహాలిచ్చినవాళ్లు ఉన్నారు. దయచేసి ఇకమీదట నోరు కట్టుకుని నీళ్లు పట్టుకురండి. తర్వాత 108కి ఫోన్ చేసి దర్గామిట్ట పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

ఘాటు వాసన ఉంది కాబట్టి అమ్మోనియా కనీసం హెచ్చరిస్తుంది. ప్లాంట్ల వెనకుండే మురుగు ట్యాంకుల భయమే మాకు ఎక్కువ. రొయ్య తలలు, పొట్టు కుళ్లిన చోట హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పుడుతుంది. మొదట కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది, మోతాదు పెరిగితే ముక్కే మొద్దుబారి కంపు తెలియదు. పోయిందిలే అనుకుని దిగినవాడు దిగినట్టే పడిపోతాడు, వాడికోసం దిగినవాడూ అంతే. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టంలో 36వ సెక్షన్ దీని గురించే ఉండేది. లోపలి గాలి పరీక్షించి సర్టిఫికెట్ రాయకుండా, లేదా గాలి పీల్చే పరికరం పెట్టి, నడుముకు తాడు కట్టి ఆ తాడు కొసను బయట ఒక మనిషి పట్టుకోకుండా, ఎవరినీ అలాంటి ట్యాంకులోకి దించకూడదు. కూలి ఎంతిస్తామన్నా సరే దిగొద్దని మన కాలనీ కుర్రాళ్లందరికీ ఇంటింటికీ వెళ్లి చెప్పాం.

అక్టోబరులో దగ్గర్లోని ఒక ప్లాంటు యాజమాన్యాన్ని కలిశాం. మొదటిసారి గేటు దగ్గరే కూర్చోబెట్టారు, రెండోసారి టీ ఇచ్చారు, మూడోసారి మాట్లాడారు. సైరన్ గురించి గట్టిగా అడిగాం. 2020 మే 7న విశాఖ ఎల్‌జీ పాలిమర్స్‌లో తెల్లవారుజామున స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకై 12 మంది పోయినప్పుడు సైరన్ మోగించలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీయే తేల్చింది. నిద్రలో ఉన్న ఊరికి సైరన్ తప్ప వేరే దిక్కేముంది? షిఫ్టు మారేటప్పుడు మోగే సైరనూ గ్యాస్ సైరనూ ఒకేలా ఉంటే లాభం లేదన్నాం, ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆగి ఆగి మోగితే గ్యాస్, ఒకే పొడుగు మోత అయితే షిఫ్టు. గాలి దిక్కు తెలిసేలా ప్లాంటు మీద గాలి సంచి కట్టారు. మనం కూడా వాటర్ ట్యాంకు మీద పొడవాటి పాత నైలాన్ చీర ముక్క కట్టాం, దాని మీదికి ఫోకస్ లైటు పెట్టించాం. రంగు బాగోలేదని రెండో లైన్ ఆడవాళ్ల ఫిర్యాదు, చవితికి మారుస్తాం.

తేలనిది వెనక తలుపు. రొయ్యల పొట్టు తీసే పీలింగ్ హాల్లో మన ఆడవాళ్లు పనిచేసే చోట వెనక తలుపుకు ఇప్పటికీ తాళమే. సరుకు దొంగతనం పోతుందని సాకు. నిప్పంటుకుంటే అందరూ బయటపడే దారి ఉండాలని ఆ ఫ్యాక్టరీల చట్టం 38వ సెక్షన్ చెప్పింది, దానికి రొయ్యల దొంగల మినహాయింపేమీ ఉండేది కాదు. లోపలి నుంచి తోస్తే తెరుచుకుని, బయటి నుంచి తెరవడానికి వీల్లేని తలుపులు మార్కెట్లో ఉన్నాయి, తెరిస్తే అలారం మోగేవీ ఉన్నాయి. ఫ్యాక్టరీల శాఖకు అర్జీ పెట్టాం, రసీదు సంఘం ఫైల్లో ఉంది.

మేస్త్రి తీసుకుపోయే కాంట్రాక్టు ఆడవాళ్లలో చాలామందికి కంప్రెసర్ గది ఎటుందో కూడా తెలియదు. ట్రిప్పు ఆటోలో దిగడం, టోపీ, గ్లవ్స్ వేసుకోవడం, పళ్లెం ముందు నిలబడటం. తమ ఆరోగ్యానికి, భద్రతకు సంబంధించిన సమాచారం యజమానిని అడిగి తీసుకునే హక్కు అదే చట్టం 111ఎ సెక్షన్ కింద ప్రతి కార్మికుడికీ ఉండేది. ఒక పేజీ దరఖాస్తు తెలుగులో రాసి జిరాక్సులు పంచాం. పని పోతుందన్న టెన్షన్‌తో సంతకం పెట్టడానికి చాలామంది జంకారు, తప్పు పట్టలేం. అందుకే దరఖాస్తు సంఘం లెటర్‌హెడ్ మీద పంపాం. ఈఎస్ఐ నంబరు లేనివాళ్ల జాబితా విడిగా తయారవుతోంది.

రొయ్యల గుంటలున్న సభ్యులకు ఒక మాట. ఏరేటర్లకు (గుంట నీళ్లలో గాలి కలిపే యంత్రాలు), జనరేటర్లకు తెచ్చిన డీజిల్ అయిపోయాక ఖాళీ డ్రమ్మును గ్యాస్ కటింగ్‌తో కోయించి తొట్టి చేయించుకోవడం మనకు అలవాటు. నిండు డ్రమ్ము కన్నా ఖాళీ డ్రమ్మే ప్రమాదం, లోపల మిగిలింది ఆవిరే కాబట్టి. బాగా కడిగి, కోసే గీత దాకా నీళ్లు నింపి, మూత తీశాకే కోయాలి. బ్లీచింగ్ పౌడరు, యాసిడ్ ఒకే షెడ్డులో పక్కపక్కన పెట్టొద్దు. రెండూ కలిస్తే వచ్చే క్లోరిన్ గాలికన్నా రెండున్నర రెట్లు బరువు, నేలమీద పడుకున్న కాపలా మనిషినే ముందు పట్టుకుంటుంది.

మిగతా పనులు: సైడు కాలువలు వానలకు ముందే తీయించాం, నాలుగో లైను చివర తప్ప. వీధి లైట్లు మార్చాం. హాలు అద్దె బకాయిలు ఇంకా కొందరు కట్టాలి, పేర్లు రాయడం లేదు. జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డులో ఉంది. చవితి ఉత్సవాల్లో మిగిలిన డబ్బుతో ఫస్ట్ ఎయిడ్ పెట్టె, రెండు టార్చిలైట్లు, కళ్లు కడిగే సీసాలు కొన్నాం. అవి హాలు బీరువాలో ఉన్నాయి, తాళం చెవి ఎదురింటి కిరాణా కొట్లో అడగండి.

వచ్చే మార్చి 4న, జాతీయ భద్రతా దినం రోజున, సైరన్ మోగించి కాలనీ అంతా ఒకసారి రిహార్సల్ చేయాలని కమిటీ ప్రతిపాదన. సర్వసభ్య సమావేశంలో చర్చకు పెడతాం. మంచం దిగలేని పెద్దవాళ్లు, చంటిపిల్లల తల్లులు ఏయే ఇళ్లలో ఉన్నారో, నైట్ షిఫ్టుకు ఎవరెవరు పోతున్నారో లైనుకొకరు రాసుకుని ఈలోగా కార్యదర్శికి ఇవ్వాలి. మొదటి లైను, మూడో లైను జాబితాలు అందాయి.

ఇట్లు,
కార్యదర్శి