మూడు సెంట్ల గొడవ

సంపాదకులకు నమస్కారం.

1793 నుంచి వస్తున్న అమెరికా సెంటుకు కాలం చెల్లింది. చలామణీకి ఆఖరి నాణేన్ని 2025 నవంబరు 12న ఫిలడెల్ఫియా టంకశాలలో ముద్రించారు. ఒక్క సెంటు తయారీకి మూడున్నర సెంట్లకు పైగా ఖర్చవుతుంటే ఆపడం సబబే. పాతవి ఇప్పటికీ చెల్లుతాయి కూడా.

న్యూజెర్సీలో నలభై ఏళ్లుగా ఉంటున్న డెబ్బయి నాలుగేళ్ల వాణ్ణి, ఇక్కడి పౌరుణ్ణే. మొన్న ఒక కొట్లో బిల్లు 14 డాలర్ల 62 సెంట్లయింది. సెంట్ల చిల్లర లేదని, ఐదు సెంట్ల లెక్కకు సవరించి 65 పట్టుకున్నారు. లెక్కప్రకారం దగ్గరిది 60 కదా అంటే, కౌంటర్లో అమ్మాయి ‘మూడు సెంట్లకా ఈ గొడవ’ అన్నట్టు చూసింది. కార్డు గీకేవాళ్లకు సెంటుతో సహా లెక్క సరిగ్గానే ఉంటుంది. నోట్లిచ్చే మాలాంటి ముసలివాళ్లకే ఈ సర్దుబాటు! ఎటు సవరిస్తారో కొట్టు ముందు బోర్డయినా పెట్టాలి.

ఇంట్లో కాఫీ డబ్బా నిండా సెంట్లున్నాయి. మనవరాలు ఒక్కోటి బల్ల మీద పడేసి, మోత విని వయసు చెబుతుంది. 1982కి ముందువి రాగివి, ఖంగుమంటాయి. తర్వాతివి రాగి పూత పూసిన జింకు, టప్పున పడతాయి. డబ్బా బ్యాంకులో ఇచ్చేద్దామంటాడు మావాడు. నేనింకా ఊ అనలేదు.

– ఒక పాఠకుడు, న్యూజెర్సీ